అల్యూమినియం మొనకు పెట్టిన మెరుగు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఎప్పుడైనా నన్ను వెతుక్కుంటూ పుంగనూరు వస్తే, కాఫీ తాగేలోపు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. మీ సర్వీసులో అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఏమిటి అని. సాధించిందేమిటని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. నాకేం కోపం లేదు. నా విషయంలో ఆ రెండూ ఒకే కథ కాబట్టి, ఒక్కసారి కూర్చుని రాసేస్తే మళ్ళీ మళ్ళీ చెప్పే పని తప్పుతుందని ఇది రాస్తున్నాను.

మదనపల్లెలో ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్సు ల్యాబులో ముప్పైయొక్క ఏళ్ళు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. మెకానిక్ అంటే పెద్ద హోదా అనుకోకండి. కాలేజీలో విరిగిందేదైనా చివరికి నా బల్ల మీదికి వచ్చేది. పొద్దున పుంగనూరులో బస్సెక్కడం, సాయంత్రం మదనపల్లెలో బస్సెక్కడం. అయితే ఒక్క మాట నా గురించి నేనే చెప్పుకోవాలి. నా చేతిలోంచి వెళ్ళిన వస్తువు మెరవాలి. స్క్రూడ్రైవరు పిడి కూడా తుడిచి పెట్టేవాణ్ణి. ప్రిన్సిపాల్ గారు ఎవరికైనా ల్యాబు చూపించాలంటే ముందు నా అలమర తలుపు తీసేవారు. ఆ మెప్పు నాకు బాగా ఒంటబట్టింది. ఈ కథ మొత్తం అక్కడినుంచే మొదలవుతుంది.

మా డిపార్టుమెంటులో ఒక మేడమ్ ఉండేవారు. ఆమెది పెద్దతిప్పసముద్రం వైపు ఒక పల్లె. పాఠాలు చెప్పుకుంటూనే పీహెచ్‌డీ చేస్తున్నారు. వేడిగా, కిక్కిరిసి ఉండే ప్లాస్మాను ఎక్స్-కిరణాలతో పరీక్షించడం ఆమె విషయం. ఇంత పెద్ద విషయం మదనపల్లెలో ఎలా కుదిరిందని మీరు అడుగుతారు. అందరూ అడిగారు. కొనే స్తోమత కాలేజీకి లేదు కాబట్టి యంత్రాన్ని మేమిద్దరమే కట్టుకున్నాం.

ఆ యంత్రం ఎలా ఉండేదో కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. పెళ్ళి వంటల కుక్కరంత స్టీలు డబ్బా. లోపలి గాలినంతా పంపుతో లాగేస్తాం. డబ్బాలో రెండు లోహపు కడ్డీలు ఎదురెదురుగా ఉంటాయి. అందులో ఒకటి పెన్సిలు మాదిరి మొన తీసిన అల్యూమినియం కడ్డీ. బల్ల కింద వరసగా కెపాసిటర్లు. వాటిలో నింపిన కరెంటంతా ఒక్క దెబ్బకు ఆ మొన మీదుగా వదిలితే, మొనలోంచి కాస్త అల్యూమినియం ఆవిరవుతుంది. ఆ ఆవిరి తనలో పారే కరెంటు బిగింపుకే నలిగి, కంటికి ఆనని చుక్కగా కుదించుకుపోతుంది. మేడమ్ పరీక్షించే ప్లాస్మా ఆ చుక్కే. అందులో వేడి లక్షల డిగ్రీలు. అల్యూమినియం పరమాణువుకుండే పదమూడు ఎలక్ట్రాన్లలో పదకొండు ఊడిపోయి, మిగిలిన రెండింటితో అది ఎక్స్-కిరణాలు వెదజల్లుతుంది. రెప్పపాటు అన్న మాట కూడా చాలా ఎక్కువ, అంతలో అయిపోతుంది.

ఆ కిరణాలు వంచిన అభ్రకపు రేకు మీద పడి, దేని దారిన అది విడిపోయి, ఫిల్ము మీద సన్న గీతలుగా దిగుతాయి. ఫిల్ము అంటే పళ్ళ డాక్టర్లు పంటికి ఫోటో తీసే చిన్న బిళ్ళే. ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరు గారు మా అవస్థ చూసి తెప్పించి ఇచ్చేవారు. నలభై దెబ్బలు కొడితే ఒక ఫిల్ము మీద గీతలు పడేవి. మేడమ్ వాటిలో మూడో గీతను పట్టుకుని దాని లావు కొలిచేవారు. చుక్కలో పరమాణువులకు జాగా ఉంటే గీత సన్నగా వస్తుంది. ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటే లావెక్కుతుంది. టమోటా సీజనులో మా మార్కెట్‌యార్డు మధ్యలో నిలబడ్డ మనిషిని ఫోటో తీస్తే అలికినట్టు వస్తుంది కదా, అదే సంగతి. లావును బట్టి ఆ చుక్కలో ఎంత రద్దీ ఉందో లెక్క కట్టవచ్చు. ఆమె థీసిస్ అంతా ఆ ఒక్క గీత లావు మీద నిలబడి ఉంది.

ఇక నా ఘనకార్యం. నలభై దెబ్బలు తిన్న మొన నల్లబడి, గుంటలు పడి, చూడబుద్ధి కాకుండా అయ్యేది. దాంతో ఇంకో నలభై కొట్టవచ్చని మేడమ్ అనేవారు. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఫిల్ము మారిస్తే మొన మార్చాల్సిందే. లోహాన్ని గుండ్రంగా తిప్పి చెక్కే లేతుమీద కొత్త మొనలు తీసేవాణ్ణి గానీ, మా లేతు నాకన్నా ముసలిది, మొన చుట్టూ సన్నటి చుట్లు మిగిలిపోయేవి. ఆ చుట్లు నా కంట్లో నలుసుల్లా ఉండేవి. మా బామ్మర్ది శాంతిపురం దగ్గర గ్రానైటు పాలిషింగులో పనిచేసేవాడు. కుప్పం వెళ్ళేవాళ్ళకు రోడ్డు పక్కనే ఆ షెడ్లు కనిపిస్తాయి. ఒక ఆదివారం నాలుగు మొనలు జేబులో వేసుకుని వెళ్ళి, వీటికి అద్దంలాంటి మెరుపు కావాలని అడిగాను. వాడు ఒకటి వేళ్ళ మధ్య తిప్పి చూసి నవ్వాడు.

"ఇంత రాయికే మొగం కనపడేట్టు చేస్తాండాను. దీనిదేముంది బావా, ఇట్లియ్యి" అన్నాడు.

నల్లటి కార్బోరండం పొడి, నీళ్ళు, గిరగిరా తిరిగే చక్రం. పావుగంటలో నాలుగు మొనలూ వెండి గజ్జెల్లా తయారయ్యాయి. ఆ రోజునుంచి నెలకొక ఆదివారం నాకు శాంతిపురం ప్రయాణం. మేడమ్‌కు ఈ సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. పని బాగా చేయడం కూడా చెప్పుకోవాలా అని. మొనలు చూసి ఆమె, "లేతుమీదే ఇంత నున్నగా తీస్తాండావా అన్నా" అని ఆశ్చర్యపోతే, మీసం కింద నవ్వుకుని ఊరుకున్నాను. ఆమె అదే నిజమనుకుని, మొనలను లేతుమీద తయారు చేశామని థీసిస్‌లో ఒక ముక్క రాసేశారు.

మూడేళ్ళు ఫిల్ములు తీశాం. గీత లావుగా, దిట్టంగా వచ్చేది. లెక్క కడితే మా చుక్క ఊహించనంత చిక్కగా ఉన్నట్టు తేలింది. మేడమ్ సంతోషం చూడాలి. పెద్ద పెద్ద సంస్థల్లో గది నిండే యంత్రాలతో తీసిన రద్దీ, మన బల్ల మీద వచ్చిందన్నా అనేవారు. నేను ఇంటికెళ్ళి మా ఆవిడకు చెప్పేవాణ్ణి, మదనపల్లెలో సూర్యుడి ముక్క తయారు చేస్తున్నామని. ఆమె ఆ ముక్కతో గ్యాసు ఖర్చు ఏమైనా తగ్గుతుందా అని అడిగేది.

ఒక్క ఫిల్ము మాత్రం చెడిపోయింది. మా బామ్మర్ది కూతురి పెళ్ళికి నేను కుప్పం వెళ్ళిన రోజు మేడమ్ ఒక్కరే తీసినది. గీత సన్నగా, దారంలా వచ్చింది. నేను లేకపోతే ఇలాగే ఉంటుందని ఆమెను వారం రోజులు ఆటపట్టించాను. ఆమె మాత్రం దాన్ని పారేయకుండా, కారణం తెలియలేదని రాసి థీసిస్ చివర్లో చేర్చారు. నేనైతే చెత్తబుట్టలో వేసేవాణ్ణి. నాకూ ఆమెకూ ఉన్న తేడా అది.

థీసిస్ వెళ్ళింది. దాన్ని చూసే పరీక్షకుడు ఈ విద్యలో తలపండిన ప్రొఫెసరు. మా యంత్రానికి పదింతల యంత్రం ఆయన ల్యాబులో ఉంది. అదే అల్యూమినియం, అవే గీతలు. నాలుగు నెలల తర్వాత ఆయన రిపోర్టు వచ్చింది. మేడమ్ నా బల్ల దగ్గరికి తెచ్చి చదివి వినిపించారు. మీ గీత లావు, నా పెద్ద యంత్రంలో వచ్చే గీత లావు ఒకటే ఎలా అయ్యాయి? ఇంత చిన్న యంత్రానికి అంత రద్దీ పుట్టించే శక్తి లేదు. కొలతలో దోషముంది. అసలు చివర్లో పెట్టిన ఆ సన్న గీత ఫిల్మే నిజమేమోనని నా అనుమానం. ఆరు నెలల్లో సమాధానం చూపండి, లేకపోతే థీసిస్‌ను తిరస్కరించమని రాయక తప్పదు.

మేడమ్‌కు యూనివర్సిటీ ఇచ్చిన గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారి లేదు. ఈ ఆరు నెలలు దాటితే తొమ్మిదేళ్ళ చదువు గాలికి పోతుంది. ఆమె కాగితం మడిచి, "ఏం చేద్దామన్నా?" అని మాత్రం అడిగారు. ఆ గొంతు విని నాకు ఆ ప్రొఫెసరు మీద ఒళ్ళు మండిపోయింది. పెద్ద యంత్రం ఉన్నవాడికి చిన్నవాడు సమానంగా రావడం కంటగింపు అయ్యిందని గట్టిగానే అన్నాను. ఆయన అడిగిన ప్రశ్నలో న్యాయముందేమోనని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు.

అనుమానాలు ఒక్కొక్కటే పట్టుకున్నాం. అభ్రకం సరిగా వంగలేదేమోనని కొత్త రేకు వంచాను. ఫిల్ము పట్టీ కదులుతోందేమోనని మళ్ళీ బిగించాను. కడ్డీల మధ్య ఎడం మార్చాం. పంపు విప్పి శుభ్రం చేశాం. ప్రతిసారీ మొన మాత్రం కొత్తది, శాంతిపురం మెరుపుతో. ప్రతిసారీ గీత లావే. నాలుగు నెలలు అలా పోయాయి. మేడమ్ చిక్కిపోయారు. స్టాఫ్‌రూములో కొందరు, ఇంకేముంది, ఈమె డాక్టరేటు కథ అయిపోయినట్టే అని చెవులు కొరుక్కుంటున్నారు. నేను వినిపించనట్టు నటించేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మా ఆవిడ ఇత్తడి గిన్నెలకు కళాయి పోయించుకు రమ్మని వెంటబడింది. పుంగనూరు బజారులో కళాయి పోసే భాయ్ ఒకరున్నారు. వాళ్ళ నాయనా అదే పని, తాతా అదే పని. ఎండ తగ్గని సాయంత్రం. గిన్నెలు ముందు పెట్టి, స్టూలు మీద కూర్చుని, జేబులో ఉన్న మొన తీసి ఊరికే వేళ్ళ మధ్య తిప్పుతున్నాను. అంతటి మెరుపు చూస్తే ఆయన ఏమంటారోనని లోపల కాస్త ఆశ ఉన్న మాట నిజం. కొలిమి మీదినుంచి చూపు తిప్పి, ఇలా ఇవ్వమని తీసుకున్నారు. వెలుతురు వైపు పట్టుకుని చూశారు. గోటితో గీరారు.

"దీన్ని రాళ్ళు రుద్దే పొడితో రుద్దినారు కదన్నా?" అన్నారు.

ఎలా తెలిసిందని అడిగాను.

"అల్యూమినియం మెత్తన. రాతిపొడి పెట్టి రుద్దితే ఆ పొడి పోదు, లోపలికి దిగి కూసుంటాది. పైకి మాత్రం తళతళా అంటాది. అందుకే మా నాయన అల్యూమినియం గిన్నెకు ఇసుక తగలనిచ్చేవాడు కాదు. మెరుపు జూసి మోసపోవద్దన్నా, దీని లోపలంతా రాయి ఉండాది."

ఆయన మొనను నా చేతిలో పెట్టి గిన్నె తోమడంలో పడిపోయారు. నేను మొనను మళ్ళీ వెలుతురుకు పట్టి చూశాను. ఆ పొడి పేరు కార్బోరండం. అది సిలికాన్, కార్బన్ కలిసిన పదార్థమని ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు, నాకూ తెలుసు. మూడేళ్ళుగా మేం అల్యూమినియం ఆవిరి అనుకుని కొట్టింది సిలికాన్ కలిసిన ఆవిరి. నేను లేని రోజు మేడమ్ ఏ మొన వాడారో అప్పుడు గుర్తొచ్చింది. కొత్త మొనలున్న అలమర తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది కాబట్టి, అప్పటికే నలభై దెబ్బలు తిన్న పాత మొననే వాడారు. దాని పైపొర కాలిపోయింది, పొరతోపాటు నా మెరుగూ పోయింది. అందుకే ఆ గీత సన్నగా వచ్చింది. మూడేళ్ళలో మా యంత్రం నిజం చెప్పింది నేను సెలవు పెట్టిన ఒక్కరోజే.

పిల్లలూ, ఇక్కడ నేను గొప్పవాణ్ణని రాసుకోవాలని ఉంది గానీ కుదరదు. మరుసటి రోజు నేను మేడమ్‌కు చెప్పలేదు. ఆ మరుసటి రోజూ చెప్పలేదు. సిగ్గు. ముప్పై ఏళ్ళు శ్రద్ధగల మనిషి అనిపించుకుని, ఆ శ్రద్ధతోనే ఒక మనిషి చదువును ముంచానంటే ఎలా ఒప్పుకోవడం? గుట్టుగా మొనలు శుభ్రం చేసి, గీత సన్నబడ్డాక ఏదో అభ్రకం సర్దుకుందని చెబితే సరిపోతుందన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందని రాయడానికి ఇప్పటికీ మొహం చెల్లడం లేదు. మూడోరోజు ఆమె ల్యాబులో ఒంటరిగా కూర్చుని, పనికిరాదనుకున్న ఆ సన్నగీత ఫిల్మును దీపానికి ఎత్తిపట్టి చూస్తున్నారు. ఇంక ఆగలేక దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. శాంతిపురం, బామ్మర్ది, పొడి, భాయ్ మాట, అన్నీ.

ఆమె చేతిలోని ఫిల్మును బల్ల మీద పెట్టారు. తర్వాత ఒక పుస్తకం తెరిచి ఒక పట్టిక మీద వేలు పెట్టారు. అల్యూమినియం మూడో గీత పడే చోటుకు వెంట్రుకవాసి పక్కనే, సిలికాన్ అన్నిటికన్నా పెద్ద గీత పడుతుందట. రెండింటినీ విడదీసి చూపే శక్తి మా అభ్రకానికి లేదు. రెండూ కలిసిపోయి ఒకే లావు గీతగా కనిపించాయి. మేం కొలిచింది రద్దీని కాదు, రెండు గీతల కలయికను.

"మూడేండ్లన్నా" అన్నారు ఆమె. "ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది?"

కోపంగా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. తల దించుకున్నాను. తప్పంతా నాదేనని కాగితం మీద రాసిస్తాను, అది పంపించండి అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, కళ్ళు తుడుచుకుని, ఇంకో రెండు నెలలుందని, ముందు మొనల సంగతి చూడమని చెప్పారు.

మరుసటి రోజు కాలేజీకి సెలవు పెట్టి భాయ్ కొట్లో కూర్చున్నాను. పొడి తగలకుండా అల్యూమినియాన్ని ఎలా శుభ్రం చేయాలో ఆయన నేర్పారు. పదునైన ఉక్కు పలకతో పైపొరను చెక్కుతూ పోవాలి. రుద్దకూడదు, ఒకే వైపు గీయాలి. ఆ పలక ఇంకే లోహానికీ వాడకూడదు. చెక్కాక గుడ్డతో తుడవకూడదు, వేలు తగలకూడదు. యాభైయేడేళ్ళ వయసులో ఆయన ఎదుట కింద కూర్చుని మొనలు చెక్కుతుంటే, ఆయన రెండుసార్లు నా చేతిలోంచి లాక్కుని ఇట్లా కాదని చూపించారు. చెక్కిన మొన చూడ్డానికి ఏమీ బాగుండదు. మసకగా, గీతలు గీతలుగా ఉంటుంది. దాన్ని చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది.

ఆ మసక మొనతో తీసిన మొదటి ఫిల్మును చీకటిగదిలో మేడమే కడిగారు. ఎర్ర దీపం కింద నేను పక్కన నిలబడ్డాను. ముందు రెండు గీతలు తేలాయి. తర్వాత మూడోది. దారంలా ఉంది. ఆమె ఫిల్మును నీళ్ళలోంచి ఎత్తి పట్టుకుని, "సూడన్నా" అన్నారు. అంతే. నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ఆనందమంటే ఏమిటో నాకు ఆ రోజుదాకా సరిగా తెలియదని చెప్పగలను.

ఒక ఫిల్ముతో ఆగలేదు. పది తీశాం. మసక మొనలతో పదీ సన్నమే. శాంతిపురం మొనలతో మళ్ళీ మూడు తీస్తే మూడూ లావే. లెక్క మళ్ళీ కడితే మా చుక్కలో రద్దీ మునుపటికన్నా బాగా తగ్గింది, మా యంత్రానికి తగినంతకు వచ్చి కూర్చుంది. మేడమ్ థీసిస్‌లో ఆ అధ్యాయాన్ని మొత్తం తిరగరాశారు. తప్పు ఎలా జరిగిందో, ఎలా దొరికిందో ఒక్క ముక్క దాచకుండా రాశారు. కావాలంటే కార్బోరండం సంగతి తేలిగ్గా దాటేయవచ్చు కదా అని సహోద్యోగి ఒకాయన సలహా ఇచ్చారు. ఆమె ఆయనకు టీ ఇచ్చి పంపించేశారు.

ప్రొఫెసరు గారు కాగితాలతో సరిపెట్టుకోలేదు. స్వయంగా వచ్చి చూస్తానన్నారు. వచ్చారు. పొట్టిగా, తెల్ల చొక్కా వేసుకుని, మాట తక్కువ మనిషి. నేను ఆయన మీద ఎప్పుడో కోపం పెంచుకున్నవాణ్ణి కాబట్టి నమస్కారం కూడా కొంచెం ముక్తసరిగానే పెట్టాను. ఆయన రెండు రకాల మొనలు కలిపి పెట్టమని, ఒకటి కళ్ళు మూసుకుని పటకారుతో తీసి, దాన్ని మేం చూడకుండా తానే బిగించారు. నలభై దెబ్బలు కొట్టాం. ఫిల్ము కడిగాం. గీత లావు. ఇది మెరుగు పెట్టిన మొన అని మేడమ్ అన్నారు. డబ్బా తెరిచి, మొన వెనక కాలని భాగం చూస్తే నిజమే. రెండోసారి ఆయన ఇంకోటి బిగించారు. గీత సన్నం. చెక్కిన మొన అన్నారు మేడమ్. అదీ నిజమే. మధ్యాహ్నం భోజనానికి లేవకుండా నాలుగుసార్లు అలా పరీక్షించారు. నాలుగుసార్లూ ఆమె ఒక్క క్షణం తడుముకోకుండా చెప్పారు. 

తర్వాత ఆయన కుర్చీలో కూర్చుని, మొనలను తయారు చేసే మనిషి ఎవరని అడిగారు. ఇప్పుడు పడతాయి అక్షింతలు అనుకుని ముందుకు వచ్చి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన దాన్ని వినిపించుకోలేదు. ఈ కార్బోరండం పొడి, పెయింటర్లు గోడలు రుద్దే నల్లటి వాటర్‌పేపరు మీద ఉండేదీ ఒకటేనా అని అడిగారు. ఒకటే సార్ అన్నాను. ఆయన చెక్కిన మొనల మీదికి వంగి చూశారు.

"చెక్కిన మొన ఒకటి నాకిస్తారా?" అన్నారు.

శుభ్రమైన సీసాలో వేసి ఇచ్చాను. ఎందుకని అడిగే ధైర్యం రాలేదు. ఆయన వెళ్ళిపోయాక మేడమ్, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఒప్పుకున్నారో లేదో ఒక్క ముక్క చెప్పలేదు. వైవా తేదీ వచ్చేదాకా ఆరు వారాలు మాకు అన్నం సహించలేదు.

వైవా రోజు మేడమ్ పుస్తకాలు మోసుకుని నేనూ యూనివర్సిటీకి వెళ్ళాను. హాలు నిండా తెలియని ముఖాలు. మదనపల్లె కాలేజీనుంచి మేమిద్దరమే. నేను ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాను. ఆమె గంటసేపు మాట్లాడారు. మొనల సంగతి వచ్చినప్పుడు గొంతు తగ్గించలేదు, నన్ను నిందించనూ లేదు. మేము అనే అన్నారు, ప్రతిసారీ. ప్రశ్నలయ్యాయి. చివరికి ప్రొఫెసరు గారు లేచి నిలబడ్డారు. ఆయన చేతిలో రెండు ఫిల్ములు ఉన్నాయి. నేను కూర్చున్న చోటునుంచి గీతలు కనబడవు. అయినా మెడ సాచి చూస్తూనే ఉన్నాను.

"ఈమె ఫలితం నా ఫలితంతో సమానంగా ఉందని నేను అభ్యంతరం పెట్టాను" అని మొదలుపెట్టారు. "మా ల్యాబులో మొనలను నల్ల వాటర్‌పేపరుతో రుద్దుతాం, దాని మీద ఉండేదీ కార్బోరండమే. ఎన్నో ఏళ్ళుగా రుద్దుతున్నాం. మదనపల్లెనుంచి తెచ్చుకున్న మొనను చూసి, మావాటినీ అలాగే చెక్కించి మళ్ళీ తీశాను. మా గీత కూడా సన్నబడింది. ఈమె తప్పు పట్టుకోవడానికి వెళ్ళి, నా తప్పు పట్టుకుని వచ్చాను. నేను అచ్చువేసిన లెక్కలు నేను దిద్దుకోవాలి. ఈమెవి దిద్దాల్సిన పని లేదు. డిగ్రీ ఇవ్వమని సిఫారసు చేస్తున్నాను."

మేడమ్ వేదిక మీద రెండు చేతులతో బల్ల పట్టుకుని నిలబడ్డారు. ఆమె చూపు హాలంతా తిరిగి, చివరి వరసలో తలుపు పక్కన ఆగింది. ఇలాంటి చోట ఛైర్మన్ గారు ప్రకటించేదాకా చప్పుడు చేయకూడదట. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. హాలంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను ఆపలేదు.